కొండ కడుపులో నీళ్లు

నవంబరులో రెండు మూడు రోజులు ముసురు పట్టి తెరిపి ఇచ్చిందంటే, తిరుపతిలో జనం డాబాలెక్కి కొండవైపు చూస్తారు. అంతవరకు ఎర్రగా ఎండిపోయి ఉన్న రాతిగోడ మీద తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఒకటి రెండు కాదు, ఎక్కడెక్కడి సందుల్లోంచో నీళ్లు దూకుతుంటాయి. "మాల్వాడిగుండం దూకతా ఉంది, చూసినావా?" అని ఫోన్లు మోగుతాయి. కపిలతీర్థం దగ్గర బండి నిలుపుకునే జాగా దొరకదు. నాలుగైదు రోజులు గడిచేసరికి ఆ గీతలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. కొండ మళ్లీ పొడిగోడ అవుతుంది.

అదే కొండమీద ఏప్రిల్ ఎండలో ఆకాశగంగ మెట్లు దిగి చూడండి. బండల్లోంచి ధార పడుతూ ఉంటుంది. సన్నబడుతుంది, ఒక్కోసారి దారప్పోగంత అవుతుంది, అయినా పడుతుంది. రెండు చోట్లా కురిసింది ఒకే వాన, మోసింది ఒకే కొండ. ఒకచోటి నీరు నాలుగు రోజుల్లో కరిగిపోతే, ఇంకోచోటి నీరు నాలుగైదు నెలలు ఎలా నిలిచింది?

ఈ కొండ నీడన పెరిగినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను చిన్నప్పటినుంచీ వదల్లేదు. ఇంట్లో అడిగితే "స్వామి మహిమ నాయనా" అనేవాళ్లు. బళ్లో అడిగితే "వానలు బాగా పడతాయి" అన్నారు. మొదటి జవాబు మీద నాకు భక్తే గానీ పేచీ లేదు. రెండోది మాత్రం సగం జవాబే. వాన అన్ని కొండల మీదా పడుతుంది. పడిన నీటిని దాచుకోవడం అన్ని కొండలకూ చేతకాదు. తిరుమల కొండకు ఆ విద్య ఎలా వచ్చిందో తెలియాలంటే రాతి దగ్గరికి పోవాలి.

అంతకంటే ముందు ఒక చిక్కు విప్పాలి. కొండమీద మనకు కనిపించే నీళ్లన్నీ ఒక రకం కావు. పైకి పోయొచ్చినవాళ్లను అడిగితే "చెరువులు, డ్యాములు, తీర్థాలు, జలపాతాలు చూసినాం" అని కలిపి చెప్పేస్తారు. కానీ ఆ పీఠభూమి మీద ప్రకృతి తవ్వి పెట్టిన పెద్ద సరస్సు ఒక్కటీ లేదు. గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార, ఈ పేర్లతో ఇక్కడ నిండుగా కనిపించే జలాశయాలన్నీ వాగులకు అడ్డంగా మనుషులు గోడ కడితే నిలిచినవే. పాపవినాశనంలో ఇప్పుడు మనం తల తడుపుకునేది డ్యామ్ నీరు, వరసగా పెట్టిన గొట్టాల్లోంచి మీద పడుతుంది. ఆలయం పక్కన ఉన్న స్వామి పుష్కరిణి కూడా రాతిమెట్లు కట్టిన కోనేరే. బ్రహ్మోత్సవాలకు ముందు ఏటా అందులో నీరు తోడేసి శుభ్రం చేస్తారు.

మరి కొండ తనంతట తాను దాచుకున్న నీరు ఎక్కడుంది? దాని జాడ పేర్లలో ఉంది. ధార అంటే పైనుంచి ఎడతెగక పడేది. గుండం అంటే అలా పడిపడి బండలో తొలిచిన గుంత. మడుగు అంటే వాగు ఆగి లోతుగా నిలిచిన చోటు. కోన అంటే రెండు కొండల నడుమ నీరు కోసుకుంటూ పోయిన లోయ. కుమారధార, మాల్వాడిగుండం, ఉబ్బలమడుగు, తలకోన, అవ్వాచారి కోన. మన పెద్దలు ఏ సర్వేయరు సాయమూ లేకుండా, నీరు ఎక్కడ ఎలా నడుస్తుందో చూసి పేరు పెట్టారు. వీటిలో దేన్నయినా పవిత్రమని తలిస్తే అది తీర్థమైంది. కాబట్టి తీర్థం అనే ఒక్క మాట కింద ఊట ఉండొచ్చు, జలపాతం ఉండొచ్చు, గుండం ఉండొచ్చు. పేరును విడదీసి చూస్తే ఆ నీటి స్వభావం తెలిసిపోతుంది.

రాతిగోడలో ఒక గీత

తిరుపతిలో ఎక్కడ నిలబడినా కొండను ఒక్క నిమిషం నిదానంగా చూడండి. అడుగు భాగం పావడా కుచ్చెళ్లలా ఏటవాలుగా, చెట్లతో దిగుతుంది. దాని మీద, కొండ నెత్తికి కాస్త కింద, నిట్టనిలువు రాతిగోడ మొదలవుతుంది. ఆ గోడ పైన నేల దాదాపు బల్లపరుపు. ఏటవాలు, నిలువుగోడ, బల్లపరుపు. ఈ మూడూ ఎందుకలా ఉన్నాయన్న దాంట్లోనే మన జవాబు దాగి ఉంది.

కింది ఏటవాలు గ్రానైటు. భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడిన రాయి. దాంట్లో పొరలుండవు. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. మీది నిలువుగోడ క్వార్ట్‌జైట్. అది ఒకప్పటి ఇసుక. ఇప్పుడు రాయలసీమ అని మనం పిలుస్తున్న ఈ నేలలో చాలా భాగం అప్పట్లో కడప బేసిన్ అనే సముద్రపు లోతట్టు. దాని అంచున మేట వేసిన ఇసుక పొరలు పొరలుగా అణిగి, రేణువుల మధ్య సిలికా జిగురులా చేరి, ఇనుములాంటి రాయి అయింది. దాని వయసు సుమారు 160 కోట్ల ఏళ్లు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి మన చిత్తూరు జిల్లా నగరి పేరే పెట్టారు. నగరి క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పుడు సముద్రం మీద పోయే ఓడలవాళ్లు గుర్తుగా చూసుకున్న ఆ నగరి కొండ ముక్కు కూడా ఈ రాయే.

ఈ రెండు రాళ్లు కలిసే చోట ఒక గీత ఉంది. దాని కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైట్. నడుమ 80 కోట్ల ఏళ్లకు తక్కువ కాని కాలం ఉండాలి, కానీ ఆ కాలానికి సంబంధించిన రాయి ఒక్క అంగుళం కూడా అక్కడ లేదు. పుస్తకంలో నడిమి అధ్యాయాలన్నీ చించేసి ముందూ వెనకా పుటలు అతికించినట్టు ఉంటుంది. ఆ మధ్యకాలంలో గ్రానైటు కొండలు వానకూ గాలికీ అరిగి చదునైపోయాయి, ఆ చదును మీదికి సముద్రం వచ్చి ఇసుక పరిచింది. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో వెలువరించిన అధ్యయనంతో ఇది లోకానికి తెలిసింది. ఘాట్ రోడ్డు కోసం కొండను కోసినచోట ఈ గీత బయటపడి కనిపిస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. అప్పటినుంచి ఎన్ని కోట్ల మంది ఈ గీతను దాటి ఉంటారో! మెట్లెక్కి పోయేవాళ్లూ దాన్ని దాటే పోతారు, ఎక్కడ దాటామో తెలియదంతే. బస్సు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే, కింద గచ్చు పోసినట్టు ఏకంగా ఉన్న బండ, దాని మీద ఇటుకలు పేర్చినట్టు వరసలు వరసలుగా ఎర్రటి రాయి. ఒకసారి పట్టి చూపిస్తే చిన్నపిల్లలు కూడా మళ్లీ మరిచిపోరు. మా అక్కకొడుకుకు ఆరేళ్లప్పుడు చూపించాను. ఇప్పటికీ కొండకు పోయినప్పుడల్లా "మామా, ఇటుకలు మొదలైనాయి" అంటాడు.

నీరు ఎక్కడికి పోతుంది

ఇప్పుడు వానను ఆ ఇటుకల మీద కురిపిద్దాం. తిరుపతికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా వచ్చే మేఘాలకు ఈ కొండలు అడ్డుగోడ. తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. మేఘం ఆ ఎత్తుకు తగిలి పైకి లేచి, చల్లబడి, అక్కడే కురుస్తుంది.

క్వార్ట్‌జైట్ రాయి స్పంజిలాంటిదని అనుకుంటే పొరపాటు. చేతిలోకి ఒక ముక్క తీసుకుని నీళ్లలో వేస్తే చుక్క కూడా లోపలికి పోదు. అంత బిగువు. కానీ ఆ రాయి కొండంతా ఒకే ముక్కగా లేదు. పొరకూ పొరకూ నడుమ అడ్డంగా సన్నటి సందులున్నాయి. నేల కదలికల వల్ల నిలువుగా చీలికలు పడ్డాయి. అడ్డసందులు, నిలువు చీలికలు కలిసి కొండంతా గళ్లచీర నేతలా అల్లుకుపోయాయి. వాన నీరు మొదట నిలువు చీలికల్లోకి దిగి, తర్వాత పొరల సందుల వెంట పక్కలకు పాకుతుంది. దిగి దిగి గ్రానైటు దగ్గరికి వచ్చేసరికి ఆ బండ దాదాపు నీరు జొరనివ్వదు. ఇక కిందికి దారి లేని నీరు ఆ హద్దు వెంట పక్కకు జరుగుతూ, ఎక్కడ లోయ కోసుకుపోయి పొర అంచు బయటపడిందో అక్కడ ఊటగా వస్తుంది.

రాయి లోపల ఈ ప్రయాణం చాలా నిదానం. సన్నటి సందులోంచి నీరు అంగుళం అంగుళంగా నడుస్తుంది. నవంబరులో దిగిన నీరు వేసవి దాకా ఊరుతూ ఉండటానికి కారణం అదే. డాబా మీదినుంచి మనం చూసిన తెల్లటి గీతలు సందుల్లోకి దిగే తీరిక లేక, బల్లపరుపు మీదుగా వచ్చి అంచున దూకేసిన నీరు. ఆకాశగంగలో ఏప్రిల్‌లో చూసింది రాయి దాచుకుని, లెక్కపెట్టి వదిలే నీరు. కొండమీది అసలు చెరువు కంటికి కనపడదు. అది బండల సందుల్లో పరుచుకుని ఉంది. నిండుగా కనిపించే డ్యాములన్నీ ఆ కనపడని చెరువుకు, దాని మీది వాగులకు మనం తగిలించిన కుండలు.

బల్లపరుపు నెత్తికి కారణమూ ఈ రాయే. క్వార్ట్‌జైట్ పొరలు పెద్దగా మడతలు పడకుండా, కొద్దిగా మాత్రమే ఒరిగి పరుచుకుని ఉన్నాయి. గట్టి పొర పైకప్పులా కాపాడినంత మేరా కొండ చదునుగా మిగిలింది. కప్పు తెగినచోట ఒక్కసారిగా లోయ. గాలిగోపురం దాటి మోకాళ్ల పర్వతం దిశగా నడిచేవాళ్లు దారి పక్కన అవ్వాచారి కోనలోకి తొంగిచూస్తే, ఆ కోత ఎంత లోతుగా ఉంటుందో కళ్లు తిరిగేట్టు తెలుస్తుంది.

శిలాతోరణం కూడా ఈ కథలో భాగమే, విడిగా దిగివచ్చిన వింత కాదు. ఆలయానికి కిలోమీటరు దూరాన, చక్రతీర్థం దగ్గర ఉంది. వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. 1980ల్లో భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతి పగులును పరిశీలిస్తూ దీన్ని గుర్తించారు. ఇంత గట్టి క్వార్ట్‌జైట్ ఇలా తోరణంగా మిగలడం చాలా అరుదు. ఇసుకరాయిలో ఇలాంటివి తేలిగ్గా ఏర్పడతాయి, ఇంత మొండి రాయిలో కాదు. చీలికల వెంట నీరు, గాలి బలహీనమైన భాగాన్ని తొలిచేసి, బలమైనదాన్ని వంతెనగా వదిలాయి. దగ్గరికి పోయి చూస్తే రెండు వైపుల రాళ్ల దొంతరలు ఒకేలా ఉండవు, వాటిని కలిపే బంధం చాలా సన్నం. కంచె అవతల నిలబడి ఫొటో తీసుకుని వెనుదిరిగేవాళ్లు ఆ సన్నటి బంధాన్ని ఒక్కసారి చూసి కదిలితే బాగుంటుంది. కొండను నీరు ఎలా చెక్కిందో అంత విడమర్చి చూపే చోటు పైన మరొకటి లేదు.

విడమర్చి చూపేదే కాదు, లోపలికి తీసుకుపోయేది తుంబురు తీర్థం. పాపవినాశనం దాటి అడవిలో పోవాలి. అక్కడ కొండ నిలువునా రెండుగా చీలిపోయినట్టు ఉంటుంది. రెండు గోడల నడుమ నీళ్లలో నడుచుకుంటూ పోతుంటే తలపైన ఆకాశం ఒక నీలి రిబ్బను. గోడకు చేయి ఆనిస్తే పొరలు వేళ్లకు తగులుతాయి. ఒక్కో పొర మందం బెత్తెడు, జానెడు, మూరెడు. కొన్నిచోట్ల పొర సందునుంచి నీరు చెమటలా పట్టి ఉంటుంది. నిలువు చీలిక వెంట వాగు కోసుకుంటూ పోతే పీఠభూమి ఏమవుతుందో ఇక్కడ కళ్లారా చూస్తాం. తరిగొండ వెంగమాంబ ఈ కోనలోనే తపస్సు చేసిందని చెబుతారు. ఆ చల్లదనంలో, ఆ నీటి సడిలో నిలబడితే ఆమె ఈ చోటే ఎందుకు ఎంచుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ తీర్థాలకు ముక్కోటి, అంటే ఏటా జనం పోయి తీర్థస్నానం చేసే పండుగ, జరిగే రోజులు చూడండి. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురుకు ఫాల్గుణ పౌర్ణమి. మూడూ వరసగా జనవరి, ఫిబ్రవరి, మార్చి. వానలు వెలిసి, వాగుల ఉరవడి తగ్గి, ఊటలు మాత్రం నిండుగా, నీళ్లు తేటగా ఉండే కాలం. పున్నమి కాబట్టి అడవిలో వెలుతురూ ఉంటుంది. ఇది నా ఆలోచన మాత్రమే గానీ, ఈ పంచాంగాన్ని పెట్టినవాళ్లకు ఈ కొండ నీటి నడక బాగా తెలుసని నాకు గట్టి నమ్మకం.

అన్ని కొండలకూ ఇది రాదు

పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ ఉంది. ఎత్తు 1,265 మీటర్లు, తిరుమల కంటే చాలా ఎక్కువ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర అక్కడ బంగళా కట్టుకున్నాడు, అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. అక్కడ గాలిబండ మీద నిలబడితే కాళ్ల కింద గ్రానైటు జాతి రాయి, పొరలు లేని ఏకబండ. వాన పడితే నీరు బండమీదినుంచి జారి పల్లానికి చేరుతుంది. కాబట్టి అక్కడ నీరు దొరికేది పల్లంలో నిలబెట్టుకున్న చెరువుల్లో. గంగోత్రి, మానససరోవరం అని వాటికి పేర్లు. తిరుమలలోలా బండ సందుల్లోంచి అడుగడుగునా ధారలు పడవు. ఎత్తు ఉన్నంత మాత్రాన నీరు నిలవదని ఈ రెండు కొండలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. తలకోనలో 270 అడుగుల ఎత్తునుంచి దూకే నీరు, నగరి కొండల్లో కైలాసకోన ధార, ఇవన్నీ క్వార్ట్‌జైట్ కొండల సంపద.

రాయి ఒక్కటే అన్నీ చేయదు. చీలికల్లోకి నీరు దిగాలంటే వాన నీటిని నేలమీద కాసేపు ఆపేవాళ్లుండాలి. ఆ పని అడవిది. శేషాచలం అడవి చూడటానికి దట్టంగా ఉండదు. పలచటి మట్టి, రాతి మీద బతకడం నేర్చిన చెట్లు. లోకంలో మరెక్కడా సహజంగా ఇంత విరివిగా పెరగని ఎర్రచందనం, తంబజలారి, మొగి, తెల్లకరక. వేళ్లు పొరల సందుల్లోకి దూరి, సందును ఇంకాస్త విప్పి, ఆకులు రాల్చి నేలను కప్పుతాయి. ఆ ఆకుమెత్తలో ఆగిన నీరే లోపలికి దిగుతుంది. 2014 మార్చిలో ఇక్కడ అడవి కాలినప్పుడు మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అప్పుడు అందరూ కాలిన చెట్ల గురించే మాట్లాడారు. ఆ ఆకుమెత్త కాలితే వచ్చే వానకు ఎంత నీరు లోపలికి దిగకుండా పోతుందో ఎవరూ అనలేదు. అప్పుడూ నాకు అదే దిగులు, ఇప్పుడూ అదే. శేషాచలాన్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పేపర్లలో అది చెట్ల కోసం, జంతువుల కోసం అన్నట్టే వచ్చింది. నా లెక్కలో అది నీళ్ల కోసం కూడా.

ఈ తడి సందుల్లో బతికే ఒక జీవి ఉంది. బంగారు బల్లి. మగబల్లి ఒళ్లు పసుపు పూసినట్టు మెరుస్తుంది. 1870లో బెడ్డోమ్ అనే ఆయన తిరుపతి కొండల్లోనే దీన్ని గుర్తించి రాశాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా లోకం మరిచిపోయింది. 1985లో మళ్లీ ఈ కొండల్లోనే కనిపించింది. పగలంతా నీడ ఉన్న, చల్లటి బండచీలికల్లో ఉంటుంది, గుడ్లను రాతికే అతికిస్తుంది. చీలిక పొడిబారితే దానికి ఇల్లు లేదు.

గిన్నె నిండిన రోజు

2021 నవంబరు 18ని తిరుపతిలో ఎవరూ మరిచిపోలేరు. ఆ రోజు వీధులు కాలువలయ్యాయి. కపిలతీర్థం దగ్గర నీరు కాదు, బురదతో, రాళ్లతో ఎర్రటి ప్రవాహం దూకింది. ఆలయ మండపం దెబ్బతింది. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లన్నీ బిక్కుబిక్కుమంటూ గడిపాయి. డిసెంబరు 1న ఎగువ ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు విరిగి పడ్డాయి.

పొరలు, చీలికలు తెలిస్తే ఇది ఎలా జరిగిందో చెప్పుకోవచ్చు. ఆ ఏడాది అప్పటికే వానలు విడవకుండా పడి సందులన్నీ నిండిపోయి ఉన్నాయి. డ్యాములూ నిండాయి. గిన్నె నిండాక పోసిన నీరు ఎటు పోతుంది? బల్లపరుపు మీదినుంచి మొత్తం ఒకేసారి అంచుకు చేరింది. ఏటవాలు కొండ అయితే నీరు అన్ని వైపులా చెదిరి దిగేది. పీఠభూమి దాన్ని కొన్ని వాగుల్లోకి కూడగట్టి నిలువుగోడ మీదినుంచి వదులుతుంది. చీలికల్లో నిలిచిన నీరు రెండు బండల నడుమ తోస్తుంది. పట్టు వదిలిన బండ దొర్లిపోతుంది. ఘాట్ రోడ్డు మీద పడ్డవి అలా విడిపోయిన గళ్లచీర గళ్లే.

ఆ నీరు కొండ దిగాక తన పాతదారి వెతుక్కుంది. వంకలు పూడ్చి, కాలువల మీద ఇళ్లు కట్టిన చోటల్లా అది మన ఇళ్లలోంచి పోయింది. మా వీధిలో నడుములోతు నీళ్లు. అక్కడ ఒకప్పుడు వంక ఉండేదని మా వీధి పెద్దావిడ ఏళ్లుగా చెబుతూనే ఉంది.

పైన తాగునీటి సంగతీ ఈ రాతి లెక్కకే కట్టుబడి ఉంది. కొండమీది డ్యాములు ఒక మోస్తరు వాననే పట్టగలవు. ఏటా పెరుగుతున్న యాత్రికులకు అది చాలదు కాబట్టి, కింద చంద్రగిరి వైపున్న కల్యాణి డ్యామ్ నీటిని కొండకు ఎక్కిస్తారు. అంటే కొండ వదిలిన నీటినే పట్టి మళ్లీ దాని నెత్తికి మోస్తున్నాం. కల్యాణి వాగు పుట్టేదీ ఈ కొండల్లోనే.

ఒక జనవరి పొద్దున కొండ దిగుతున్నాను. పాత ఘాట్ రోడ్డు, ముప్పయ్యారు మలుపులు. తెల్లటి గీతలు మాయమై నెలన్నర దాటింది. రోడ్డు పక్క బండలన్నీ పొడి. బస్సు నిదానించిన ఒక మలుపు దగ్గర మాత్రం, ఇటుకలు మొదలయ్యే ఆ గీత వెంట, బారెడు పొడవున నాచు పచ్చగా ఉంది. దాని కింద గ్రానైటు మీద తడి చార జారుతోంది, దానికి ముక్కు ఆనించి ఒక కోతిపిల్ల నీళ్లు తాగుతోంది.